సుత్తుల పెట్టె

మా నాయన అబద్ధమాడడని మదనపల్లె మిషన్ కాంపౌండులో చిన్నా పెద్దా అందరూ నమ్మేవాళ్లు. ఆసుపత్రిలో కాంపౌండరు ఆయన. మందు అయిపోతే అయిపోయిందని చెప్పేవాడే గాని, నీళ్లు కలిపి సర్దేవాడు కాదు. ఏ రెండిళ్ల మధ్య తగాదా వచ్చినా దేవసహాయాన్ని పిలవండి, ఆయన చూసింది చూసినట్టు చెప్తాడు అనేవాళ్లు. అట్లాంటి మనిషికి కూతురినైనందుకు నాకు లోలోపల మహా గర్వంగా ఉండేది. అరవై ఏడేళ్లు వచ్చేదాకా ఆ గర్వం చెక్కుచెదరలేదు. పోయిన నెల కుప్పంలో, పాతికమంది పిల్లల నడుమ కుర్చీలో కూర్చుని ఉండగా, అది పోయింది. ఎట్లా పోయిందో చెప్పాలంటే ముందు సుత్తుల పెట్టె సంగతి చెప్పాలి.

మాది కాంపౌండు వెనక వరసలో రెండు గదుల ఇల్లు. సాయంత్రం ముందు స్పిరిటు వాసన వచ్చేది, దాని వెనక మా నాయన వచ్చేవాడు. అమ్మ సంగటి కెలుకుతూ ఉండేది. పక్కన రోట్లో ఊరిబిండి పచ్చడి, వేయించిన వేరుశనగపప్పు వాసన ఇల్లంతా ఉండేది. అప్పట్లో మందు సీసాకు ఒక కాగితం పట్టీ అంటించి, పూటకొక మోతాదు చొప్పున దాని అంచుకు గాట్లు కోసేవాళ్లు. మా నాయన కత్తెర పట్టాడంటే గాటుకూ గాటుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆ పిచ్చి ఇంటికీ తెచ్చాడు. నూనె సీసాకు పట్టీ, కిరసనాయిల్ డబ్బాకు పట్టీ. నాకూ ఒక పట్టీ అంటిచ్చి పెట్టు, యాడిదాకా అరిగినానో తెలుస్తాదని అమ్మ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు నవ్వొస్తే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదిలేవి.

నేను తొమ్మిదో తరగతికి వచ్చే ముందు ఎండాకాలంలో, ఆసుపత్రి డాక్టరు దొరగారి అక్క వాళ్ల దేశం నుంచి వచ్చి కొన్నాళ్లు ఉంది. పేరు మార్గరెట్. మేము మార్గరెట్ దొరసాని అనేవాళ్లం. ఆమె వెంట ఒక పెట్టె వచ్చింది. కింది పక్క వెడల్పు, పై పక్క ఇరుకు, చేటను బోర్లించినట్టు ఉండేది. పైన జంట జంటలుగా బోలెడు తీగలు. వాటిని వేళ్లతో మీటరు, చెక్క గరిటెల్లాంటి రెండు చిన్న సుత్తులతో కొడతారు. దాని పేరు డల్సిమర్ అని ఆమె చెప్పింది, మాకు నోరు తిరగలేదు. సుత్తుల పెట్టె అన్నాం. సెలవుల్లో పదిరోజుల వర్క్‌షాప్ పెడతానని, ఆరుగురు ఆడపిల్లలు కావాలని ఆమె అడిగితే మా నాయనే నా పేరు రాయించాడు. అమ్మకు తెలిసిన వర్క్‌షాపులు పుంగనూరు రోడ్డు మీద లారీలు బాగుచేసేవి మాత్రమే. ఆడపిల్లకు యాల ఆ పని అని ఒక పూటంతా సణిగింది.

పాట వాయించడం రెండురోజుల్లో వచ్చేసింది. కష్టమంతా కార్డ్స్ దగ్గరే. మన పాట ఒక్క దారినే పోతుంది. స వెంట రి, రి వెంట గ. కార్డ్ అంటే మూడు స్వరాలు ఒకేసారి పలకాలి, స, గ, ప మూడూ కలిసి. చేతిలో ఉన్నవి రెండే సుత్తులు. మూడో స్వరం ఎవరు కొట్టాలి? నేను అదే అడిగాను. ఆమె వచ్చీరాని తెలుగులో, మొదటిది ఆరిపోకముందే మూడోది కొట్టు, కలిపేది చేతులు కాదు చెవులు అని చెప్పింది. ఎడమ, కుడి, ఎడమ. ఒక జంట కొట్టి, ఒక జంట విడిచి, మళ్లీ ఒక జంట. సాలు విడిచి సాలు విత్తినట్టన్నమాట. ఆరురోజులు నాకు సుత్తుల టకటకలే వినపడ్డాయి. ఏడోరోజు మూడు స్వరాలూ కలిసి గదిలో నిలబడ్డాయి. ఒంటరిగా పాడుతున్న మనిషి పక్కకు ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. నేను ఏడ్చాను. మిగతా పిల్లలు నవ్వారు. దొరసాని నవ్వలేదు, మళ్లీ కొట్టమంది.

ఆమె వెళ్లిపోయేటప్పుడు ఆ పెట్టె నాకిచ్చింది. మా ఇంటికి నడిచి వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, నాయన ముందే చెప్పింది, ఇది సుగుణదని. బడికని గాని, గుడికని గాని అనలేదు. పదమూడేళ్ల ఆడపిల్లకు ఇంట్లో నాదీ అని చెప్పుకునేది ఏముంటుంది? పండక్కి కుట్టించిన గౌను వచ్చే ఏటికి చెల్లెలిదవుతుంది. పలక, దువ్వెన, దుప్పటి అన్నీ అందరివీ. మొట్టమొదటిసారి ఒక వస్తువు నాదయింది. నాయనకూ అది ముద్దే. తీగలకు తుప్పు పట్టకుండా ఆసుపత్రిలో కట్లు కట్టే గాజు గుడ్డను స్పిరిటులో తడిపి తుడిచేవాడు. ఏ తీగ ఏ స్వరమో గుర్తుండడానికి తన సీసా పట్టీ ఒకటి కత్తిరించి, గాటు గాటుకూ తన గుండ్రటి చేతిరాతతో స్వరం పేరు రాసి, తీగల కింద చెక్కకు అంటించాడు. డ్యూటీ నుంచి వచ్చి వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని వాయించమ్మా అనేవాడు. నేను వాయిస్తుంటే కళ్లు మూసుకునేవాడు. ఆ ఆరునెలలు మా ఇంట్లో నాకంటే సంతోషంగా ఉన్నవాళ్లు లేరు.

ఆ చలికాలం పుంగనూరులో మా అత్తకు కాన్పయింది. సాయానికి మూడువారాలు బడి మాన్పించి నన్ను పంపారు. పసిబిడ్డ గుడ్డలు ఉతుకుతూ, అత్త కాగులో నీళ్లు కాచుతూ కూడా నా వేళ్లు కాగు అంచు మీద ఎడమ కుడి ఎడమ కొట్టుకునేవి. ఇంటికి తిరిగి వచ్చి చూస్తే పెట్టె ఉండే మూల ఖాళీగా ఉంది. అక్కడ అమ్మ చింతపండు కుండ పెట్టింది. యాడమ్మా నా పెట్టె అంటే, మీ నాయన రానీ అని అమ్మ పొయ్యి ఎగదోసింది. నాయన వచ్చాక, నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లలోకి చూసి చెప్పాడు.

"దొరసానమ్మ జాబు రాసిందమ్మా. వాళ్ల తాత గురుతంట అది, వెనక్కి పంపించమనింది. రైల్లో వేసి పంపించినాను."

దేవసహాయం చెప్పిన మాట. ఇంక అడిగేదేముంది? నాయన మీద నాకు రవ్వంత అనుమానం రాలేదు. వచ్చిన కోపమంతా దొరసాని మీదే వచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంది. నన్ను ఏడిపించి, నాది అని నమ్మించి, సముద్రం అవతలికి పోయి మనసు మార్చుకుంది. తెల్లవాళ్ల ప్రేమ ఇంతేనని పదమూడేళ్లకే తీర్పు చెప్పేశాను. ఆ క్రిస్మస్‌కు ఆమె నుంచి నిజంగానే ఒక జాబు వచ్చింది. చేతులకు కార్డ్స్ ఇంకా గుర్తున్నాయా, రోజూ వాయిస్తున్నావా అని రాసింది. పెట్టె తీసుకుపోయి వాయిస్తున్నావా అని అడగడానికి ఎంత పొగరో అనుకున్నాను. జాబు నాయన మీదికి విసిరేసి, ఇంక నా పేరుతో వచ్చేవి నాకు చూపించొద్దన్నాను. ఆయన వంగి దాన్ని తీసి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏటా వస్తూనే ఉండేవని తెలుసు. ఒక్కటీ విప్పలేదు. నా మౌనమే ఆమెకు శిక్ష అనుకున్నాను. కోపం నాకు త్వరగా వస్తుంది, త్వరగా పోదు.

తర్వాత నర్సు ట్రైనింగు, ఉద్యోగం, బదిలీలు, అందరిలాగే. చర్చిలో ఎవరు హార్మోనియం ముందు కూర్చోమన్నా నాకు రాదనేదాన్ని. నాయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. నేను రిటైరైనప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఎనభై ఎనిమిదేళ్లు. చెవులు మందగించాయి గాని మతి శుభ్రంగా ఉంది. పోయిన నెల మా చెల్లెలి కూతురు ప్రిస్కిల్లా ఫోన్ చేసింది. కుప్పంలో టీచరు ఆ పిల్ల. వాళ్ల చర్చిలో పిల్లలకు సంగీతం వర్క్‌షాప్ పెట్టారట. బెంగళూరు నుంచి వచ్చే మాస్టారు, చర్చి సామాన్ల గదిలో విరిగిన బెంచీల కింద దొరికిన పాత వాద్యాన్ని తీసుకుపోయి తీగలు కట్టించి తెచ్చాడట.

"పెద్దమ్మా, నువ్వు వచ్చి తీరాల. నీకోసం ఒక సర్‌ప్రైజ్ ఉండాది ఈడ" అంది.

బస్సెక్కి పోయాను. హాలులో పిల్లలు గిటార్లు, కీబోర్డులు పట్టుకుని ఉన్నారు. ముందు బల్ల మీద నా పెట్టె ఉంది. మనిషిని గుర్తుపట్టినట్టే గుర్తుపట్టాను, ఒక మూల చెక్క లేచిపోయి ఉంది అంతే తేడా. అయినా నా బుద్ధి ఒప్పుకోలేదు. అట్లాంటివి లోకంలో ఎన్ని లేవు అనుకున్నాను. బెంగళూరు మాస్టారు మంచి పిల్లవాడు. కీబోర్డు మీద మూడు మెట్లు ఒక్కసారి నొక్కి కార్డ్ అంటే ఇదీ అని చూపించాడు. తర్వాత సుత్తులు ఎత్తి, దీని మీద ఎట్లా వేస్తారో తనకూ సరిగ్గా తెలియదని, ఫోనులో చూసి నేర్చుకుంటున్నానని దాచకుండా చెప్పాడు. ఎవరైనా వచ్చి ప్రయత్నం చేయండి అన్నాడు. ప్రిస్కిల్లా నన్ను తోసింది. కీళ్లవాతంతో వంకర పోయిన వేళ్లు నావి. సుత్తులు పట్టుకోగానే ఎడమ, కుడి, ఎడమ. స, గ, ప. పాతికమంది పిల్లలూ బల్ల దగ్గరికి జరిగారు. యాడ నేర్చుకున్నారమ్మా అని మాస్టారు అడిగాడు. చెప్పబోయి తల వంచాను. తీగల కింద, పసుపుపచ్చగా మాగిపోయి, మా నాయన గాట్ల పట్టీ కనపడింది. గ పక్కన ఆయన గుండ్రటి చేతిరాత.

ప్రిస్కిల్లా ఆగలేకపోయింది. పెట్టెను పక్కకు వాల్చి అంచు చూపించింది. మన చర్చిలకు ఏమిచ్చినా ఇచ్చినవాళ్ల పేరు రాయకుండా ఉండరు కదా. ఫ్యాను రెక్కల మీద, బెంచీ వీపుల మీద, ఆఖరికి నీళ్ల డ్రమ్ము మీద కూడా రాస్తారు. అట్లాగే తెల్ల పెయింటుతో రాసి ఉంది: కోత పండుగ కానుక, దేవసహాయం కుటుంబం, మదనపల్లె. తాత పేరు చూసి ఎంత సంబరపడ్డానో పెద్దమ్మా, నీకు తెలీదని అవ్వ చెప్పింది, అందుకే ముందుగా చెప్పలే అంటూ ఫోటో తీస్తోంది ఆ పిల్ల. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. కుటుంబం అని రాసి ఉంది. ఆ కుటుంబంలో నేనూ ఒకదాన్ని. అంటే నా పెట్టెను నేనే ఇచ్చానని అర్థం. దాని మీద పేరు రాయించి కానుక ఇచ్చి వచ్చిన మనిషే నా తల మీద చెయ్యి పెట్టి రైల్లో పంపించానన్నాడు. ఫోటోలో నేను నవ్వుతున్నానని ప్రిస్కిల్లా తర్వాత పంపింది. చూస్తే నిజంగానే నోరు నవ్వినట్టే ఉంది.

మిగిలిన రెండురోజులు ఉండమన్నా ఉండలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలేనన్ని విధాల నాయన తరఫున వాదించాను. ఎవరో బలవంతం చేసి ఉంటారు, పెద్దలు అడిగితే కాదనలేక ఇచ్చి ఉంటాడు. పుంగనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. టమోటా బుట్టలు ఎక్కిస్తున్నారు. అత్తవాళ్ల ఇల్లుండే వీధి ఆ మలుపు తిరిగితే వస్తుంది. అప్పుడు ఒక మాట తోచింది. నన్ను ఇక్కడికి పంపింది కాన్పు సాయానికేనా, నేను ఇంట్లో లేకుండా చేయడానికా? ఇన్నేళ్లకు ఈ ప్రశ్న వేసుకోవలసి వచ్చిందే అని ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్నామె ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. అవునన్నాను.

ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా అమ్మ ఎదురుగా కూర్చున్నాను. కుప్పంలో పెట్టె చూశానన్నాను. అమ్మ చిక్కుళ్లు వలుస్తోంది. చెయ్యి ఆపలేదు. ప్రిస్కిల్లా ఫోన్ చేసిన రోజే ఈ పూట వస్తుందని ఆమెకు తెలుసు. చెప్పుకుంటూ పోయింది. ఆ కాలంలో కోత పండుగ వస్తే పల్లెల్లోని రైతు కుటుంబాలు గుమ్మడికాయలు, రాగి కంకులు, వేరుశనగ మూటలు, కోళ్లు తెచ్చి చర్చి నింపేవాళ్లు. కాంపౌండులో ఉండే మాకు సెంటు భూమి లేదు. నాయన సంతలో టమోటాలు కొని, ఆ బుట్ట పట్టుకుని వరసలో నిలబడేవాడు. ఆ ఏడు పండుగకు వారం ముందు ప్రసంగానికి వచ్చిన పెద్దమనిషి ఒకరు, సంతలో కొని తెచ్చింది దేవుడికి కానుక కాదు, నీ ఇంట పండిందే కానుక అన్నాడట. అందరూ తనవైపే చూసినట్టు నాయనకు అనిపించింది. రెండురోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడోరోజు పెట్టెకేసి చూస్తూ, ఈ ఇంట్లో కొనకుండా వచ్చింది ఇదొకటేనే అన్నాడట. పండుగరోజు గుమ్మడికాయల నడుమ దాన్ని పెట్టివచ్చాడు. పండుగ అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు, ఆ వేలంలో ఎవరికీ అది అక్కరలేకపోయింది. కుప్పంలో కొత్తగా కట్టిన చర్చికి పంపించేశారు.

"అది నాది కదమ్మా" అన్నాను.

"నీదని ఆయనకు తోచనే లేదు సుగుణా. ఇంట్లో ఉండేదంతా ఆయనదే కదా అప్పుడు. ఇచ్చేసి వచ్చినాక, నువ్వు వచ్చే దినం తోచింది."

అమ్మ చెప్పింది నిజమే. మా ఇంటి వస్తువులకే కాదు, మాకూ ఆయనే యజమాని. ఇప్పుడు మా చెల్లెలి మనవడి ఛార్జరు తీసుకోవాలన్నా వాడిని అడిగి తీసుకుంటున్నాం, అడక్కపోతే వాడు ఊరుకోడు. వాడిని చూసి గారాబం ఎక్కువైందని నేనే విసుక్కునేదాన్ని. ఇక విసుక్కోను. ఆ కాలపు పెద్దల నీతి, నిజాయితీ అంటూ ఉద్యోగంలో ఉన్నప్పుడు ట్రైనింగుకు వచ్చే నర్సింగు పిల్లలకు నేను చెప్పిన కబుర్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి చెంపలు మండాయి. ఆయన పోయాకైనా చెప్పొచ్చు కదా అని అమ్మను నిలదీశాను. ఆమె చిక్కుళ్ల చేట పక్కన పెట్టింది.

"సెప్తే ఇంగో మాట కూడా సెప్పాల్సొస్తాదని సెప్పలే. దొరసానమ్మ జాబులకు మీ నాయన జవాబు రాస్తాండె. నీ పేరుతోనే."

ఏమని రాసేవాడు అని అడిగాను.

"దినామూ వాయిస్తాండానని. గుళ్లో అందరూ మెచ్చుకుంటాండారని. డిక్షనరీ పక్కన పెట్టుకుని రాస్తాండె. ఆ యమ్మ పోయినాక వాళ్ల తమ్ముడు రాసె, కడా దినాల్లో నీ జాబులే సదివిపిచ్చుకునిందంట. ఆ దినం మీ నాయన శానా ఏడిసినాడు."

ఏడ్చాడట. ఏడవనీ. నా పెట్టె తీసుకున్నందుకు ఒకరోజు ఆలోచిస్తే క్షమించగలనేమో. సేద్యం లేని మనిషి సిగ్గు నాకు అర్థమవుతుంది, టమోటాల బుట్టతో ఆయన నిలబడ్డ వరసలో నేనూ నిలబడ్డాను. కాని నా కోపాన్ని కూడా ఆయనే తీసుకున్నాడు. యాభై ఏళ్లు నేను మౌనంతో ఒక మనిషిని శిక్షించాననుకున్నాను. ఆ శిక్ష ఆమెకు చేరనే లేదు. తప్పు చేయని ఆమెను నేను తిట్టుకుంటూ ఉంటే, రోజూ సంతోషంగా వాయించే సుగుణ ఒకతి ఆమెకు ఉత్తరాలు రాస్తూ ఉంది. ఆమె ప్రేమంతా ఆ సుగుణకు పోయింది. నాకు రావలసిన ఆ ముసలామె ఆశీర్వాదం, లేని మనిషి ఎవరో తీసుకుంది.

ప్రతి సాయంత్రం అమ్మా నేనూ దీపం పెట్టే వేళ ప్రార్థనకు కూర్చుంటాం. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనే. ఇద్దరం కలిసి చెప్తాం. అందులో, మాకు కీడు చేసినవాళ్లను మేము క్షమించినట్టే అని ఒక మాట వస్తుంది. కుప్పం నుంచి వచ్చిన సాయంత్రం ఆ మాట దగ్గర నా నోరు పెగల్లేదు. అమ్మకు చెవులు సరిగ్గా వినపడవు, అయినా అది ఎట్లా వినపడిందో, ఆగింది. నేను అందుకుంటానని చేతులు జోడించుకునే చాలాసేపు కూర్చుంది. నేను అందుకోలేదు. చివరికి మిగిలిందంతా తనే మెల్లగా చెప్పి, తనొక్కతే ఆమెన్ అంది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లో ఆమెన్ అనేది అమ్మ ఒక్కతే.